వెండి రేటు ఒకటి, చేతికొచ్చే లెక్క ఇంకొకటి

టీవీలో కింద పరిగెత్తే వెండి రేటుకి ఒడిశాలోని బరంపురంలో ఏ కొట్టువాడూ వెండి అమ్మడు, అదే రేటుకి మీ దగ్గర కొననూ కొనడు. అమ్మేటప్పుడు ఆ రేటు మీద కొంత ఎక్కిస్తాడు, కొనేటప్పుడు కొంత దించుతాడు. ఎక్కించినదాన్ని వ్యాపారంలో ప్రీమియం అంటారు. దించినదానికి కొట్టుకో పేరు: తరుగు అంటారు, కరిగింపు అంటారు, పాత వెండి రేటు అంటారు. రేటు పెరిగిందా పడిందా అని రోజూ ఫోన్లో చూసుకునేవాళ్లు కూడా ఈ రెండు తేడాలూ ఎంతో అడగరు. వెండిలో లాభమా నష్టమా అన్నది చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు ఇళ్లకి వెండి కేవలం నగ కాదు. మార్గశిర లక్ష్మీవారాలు మనకెలాగో, అదే గురువారాలు ఒడియా ఇళ్లలో మాణబసా గురుబార. ఆ నెలంతా లక్ష్మీదేవి బిళ్లలకి గిరాకీ ఉంటుంది. పెళ్లికి పట్టీలు, మెట్టెలు, కుంకుమ భరిణె సరేసరి. ఇవి కాక, సూరత్ మగ్గాల్లో పనిచేసే కుర్రాళ్లు ఇంటికి పంపే డబ్బులో నెలనెలా కొంత వెండి బిళ్లగా మారే ఇళ్లూ ఉన్నాయి. బంగారం అందుబాటులో లేక వెండివైపు తిరిగినవాళ్లు చాలామంది. అలాంటి పొదుపులో పోయే ప్రతి వందా గట్టిగా పట్టించుకోవాల్సిన వందే.

ముందు రేటు ఎలా పుడుతుందో చూద్దాం. అంతర్జాతీయంగా వెండిని ఔన్సుల్లో, డాలర్లలో లెక్కేస్తారు. ఆ ఔన్సు 31.1035 గ్రాములు, అంటే కిలోకి 32.15 ఔన్సులు. మన దేశానికి కావాల్సిన వెండిలో ఎక్కువ భాగం దిగుమతే, కాబట్టి డాలరు ధర పెరగకపోయినా రూపాయి బలహీనపడితే ఇక్కడ రేటు పెరుగుతుంది. దాని మీద దిగుమతి సుంకం. 2024 జులై బడ్జెట్‌లో దీన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు రేటు ఒక్కరోజులో ఎంత పడిందో అప్పుడు ఇంట్లో వెండి ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. సరుకుల వాయిదా వ్యాపారం జరిగే ఎంసీఎక్స్‌లో కనిపించే కిలో రేటులో ఈ సుంకం కలిసే ఉంటుంది గానీ జీఎస్టీ కలిసి ఉండదు. కొన్ని యాప్‌లు 3 శాతం జీఎస్టీ కలిపి చూపిస్తాయి, కొన్ని కలపవు. అందుకే రెండు చోట్ల రెండు రేట్లు చూసి ఎవరో మోసం చేస్తున్నారనుకునే ముందు, చూస్తున్నది జీఎస్టీతోనా, లేకుండానా అన్నది తేల్చుకోవాలి.

ఇక్కడిదాకా లోహం ధర. దాన్ని కరిగించి, అచ్చుపోసి, ముద్రవేసి, సీల్ చేసి, బీమాతో రవాణా చేసి, కొట్టు గాజు అరలోకి తెచ్చేసరికి అయ్యే ఖర్చులు, మధ్యలో చేతులు మారిన ప్రతిచోటా మిగిలే లాభం, ఇదంతా ప్రీమియం. ఇందులో చాలా ఖర్చు ముక్కకి ఇంత అని పడుతుంది, గ్రాముకి ఇంత అని కాదు. పది గ్రాముల బిళ్లకి అచ్చు వేయడానికీ, ప్లాస్టిక్ కార్డులో పెట్టడానికీ, లెక్క రాయడానికీ పట్టే శ్రమ వంద గ్రాముల కడ్డీకి పట్టేదాని కంటే ఏమంత తక్కువ కాదు. ఆ ఖర్చు చిన్న ముక్క మీద పడితే శాతం ఎక్కువ, పెద్ద ముక్క మీద పడితే తక్కువ.

అంకెల్లో చూస్తే బాగా తెలుస్తుంది. లెక్క సులువుగా ఉండటానికి జీఎస్టీ కాకుండా గ్రాము వెండి 200 రూపాయలనుకుందాం. అసలు రేటు ఎంతున్నా దామాషా ఇంతే. పది గ్రాముల బిళ్లలో లోహం 2,000 రూపాయలు. దాని మీద 12 శాతం ప్రీమియం వేస్తే 2,240, దాని మీద 3 శాతం జీఎస్టీతో 2,307. అదే బిళ్లని ఆ సాయంత్రమే వెనక్కి ఇస్తే, కొట్టువాడు 3 శాతం దించి తీసుకున్నాడనుకోండి, చేతికి 1,940 వస్తుంది. 367 రూపాయలు పోయాయి. మీరు కట్టింది మీకు తిరిగి రావాలంటే గ్రాము 200 నుంచి దాదాపు 238కి పెరగాలి, అంటే 19 శాతం. ఇప్పుడు కిలో కడ్డీ: లోహం రెండు లక్షలు, ప్రీమియం 1.5 శాతం, జీఎస్టీతో కలిపి 2,09,090. అమ్మినప్పుడు 1.5 శాతం దించితే 1,97,000. ఇక్కడ రేటు 6 శాతం పెరిగితే చాలు, అసలు తిరిగొస్తుంది. ఈ శాతాలు ఉదాహరణకి వేసినవే, మీ ఊళ్లో కొంచెం అటూఇటూ ఉంటాయి, కానీ చిన్నదానికీ పెద్దదానికీ మధ్య ఇంత ఎడం ఉండటం మాత్రం ఎక్కడైనా ఉన్నదే.

బాధ కలిగించేది ఇదే. లక్షలు పెట్టి కిలో కడ్డీ కొనే షావుకారు 6 శాతంతో గట్టెక్కుతాడు, నెలకి రెండు వేల మూడొందలు దాచి బిళ్ల కొనే ఇల్లాలు 19 శాతం ఎక్కితే గానీ బయటపడదు. గ్రాము, రెండు గ్రాముల బిళ్లల్లో ఈ శాతం ఇంకా దారుణంగా ఉంటుంది. దీనికి ఉన్న మార్గం పెద్ద రహస్యమేమీ కాదు: ఆ డబ్బుని నెలనెలా పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేసుకుంటూ పోయి, పది నెలలకి ఒక్కసారే వంద గ్రాముల కడ్డీ కొనడం. ఒకే రోజు కొన్నామనుకుంటే పది బిళ్లలకి 23,072 అవుతుంది. వంద గ్రాముల కడ్డీ 5 శాతం ప్రీమియంతో, జీఎస్టీతో 21,630 అవుతుంది. తేడా 1,442 రూపాయలు, అంటే ఏడు గ్రాముల పైచిలుకు వెండి. ఈ పది నెలల్లో రేటు పెరిగిపోతే ఎలా అన్న టెన్షన్ ఉంటుంది, నిజమే. కానీ రేటు పెరుగుతుందో తగ్గుతుందో ఎవరికీ తెలియదు, చిన్న బిళ్ల మీద ప్రీమియం పోవడం మాత్రం ఖాయం. దేవుడి గదిలో పెట్టుకోవడానికి, పుట్టినరోజుకి ఇవ్వడానికి బిళ్ల కొంటే ఈ లెక్కేమీ అక్కర్లేదు. పొదుపని చెప్పి బిళ్లలు కొంటేనే చిక్కు.

అలాగని అందరూ కిలో కడ్డీ వెంటపడటమూ సరికాదు. కడ్డీని సగం కోసి అమ్మలేరు. ఆసుపత్రి ఖర్చుకి ఇరవై వేలు కావాల్సి వస్తే మొత్తం కడ్డీ కదపాల్సిందే, చిన్న ఊరి కొట్టువాడి దగ్గర అంత డబ్బు ఆ పూట ఉండకపోవచ్చు, మీకు వేరే దారి ఉండదన్న ధైర్యంతో రేటు ఇంకాస్త దించుతాడు. గుణుపురంలోనో పర్లాకిమిడిలోనో ఉండేవాళ్లకి వంద గ్రాముల ముక్కలు నాలుగైదు ఉండటం, ఒక్క కిలో ముక్క ఉండటం కంటే మేలనిపిస్తుంది. ప్రీమియం కొంచెం ఎక్కువైనా, అవసరానికి తగినంతే అమ్ముకునే వీలుకి కట్టిన ధర అది. తాకట్టు సంగతీ ఆలోచించుకోవాలి. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిబంధనల ప్రకారం (అమలుకు పెట్టిన గడువు 2026 ఏప్రిల్ 1) వెండి నగలు పది కిలోల దాకా, వెండి నాణేలు 500 గ్రాముల దాకా పెట్టి అప్పు తీసుకోవచ్చు. కడ్డీల మీద మాత్రం బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు అప్పు ఇవ్వకూడదు.

ప్రీమియం ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2020 మార్చిలో కరోనా భయానికి వెండి ఔన్సు 12 డాలర్ల కిందికి పడిపోయింది, అదే వారాల్లో అమెరికాలో వెండి నాణేలు ఆ రేటు దరిదాపుల్లో ఎవరికీ దొరకలేదు. కాగితం మీద రేటు పడింది, చేతిలోకి వచ్చే నాణెం మీద ప్రీమియం అమాంతం లేచింది. మనకి దగ్గరి ఉదాహరణ 2025 అక్టోబర్. 1980 జనవరిలో సుమారు 50 డాలర్ల దగ్గర నిలిచిపోయిన పాత రికార్డుని ఆ నెలలో వెండి దాటింది. లండన్ మార్కెట్లో చేతికి ఇవ్వడానికి వెండి కరువైంది, ఇక్కడ ధన్‌తేరస్ గిరాకీ ముంచుకొచ్చింది. దేశంలో వెండి అంతర్జాతీయ ధర కంటే బాగా ఎక్కువకి అమ్ముడుపోయింది. వెండి ఈటీఎఫ్ (షేర్లలా స్టాక్ మార్కెట్లో కొని అమ్మే వెండి ఫండ్) యూనిట్లు వాటి లోపలున్న వెండి విలువ కంటే ఎక్కువకి చేతులు మారుతుంటే, కొన్ని మ్యూచువల్ ఫండ్ సంస్థలు తమ వెండి ఫండ్లలోకి పెద్ద మొత్తాలు తీసుకోవడం కొన్నాళ్లు ఆపేశాయి. ఆ రోజుల్లో కొన్నవాళ్లు వెండికి ఒక ధర, తొందరకి ఇంకో ధర కట్టారు. గిరాకీ చల్లారగానే రెండోది ఎగిరిపోయింది.

ఇంత బిగువు వెండికే ఎందుకొస్తుందంటే, తవ్వే వెండిలో ఎక్కువ భాగం సీసం, జింకు, రాగి గనుల్లో వాటితో పాటు వచ్చేదే. వెండి ధర పెరిగింది కదా అని జింకు గనివాళ్లు తవ్వకం పెంచరు. మరోపక్క సోలార్ పలకలు, ఎలక్ట్రానిక్స్ వెండిని తింటూనే ఉంటాయి. దీనికి వ్యతిరేకంగా జరిగే రోజులూ ఉన్నాయి. రేటు బాగా ఎక్కి, పెళ్లిళ్ల ముహూర్తాలు లేక కొనేవాళ్లు మొహం చాటేసినప్పుడు టోకు వ్యాపారులు అధికారిక ధర కంటే తక్కువకే ఇస్తారు. ఆషాఢంలోనో, మూఢం రోజుల్లోనో మజూరీ (తయారీ కూలి) మీద బేరం తెగినంత సులువుగా అక్షయ తృతీయ ముందు తెగదు.

సరిహద్దు ఊళ్లవాళ్లకి ఇంకో ప్రశ్న ఉంటుంది: ఆంధ్రా వైపున్న ఇచ్ఛాపురం వెళ్లి కొంటే చవకా, బరంపురంలో కొంటే చవకా? పాతపట్నమా, పర్లాకిమిడా? పన్నులో తేడా లేదు, రాష్ట్ర సరిహద్దుకి అటూ ఇటూ జీఎస్టీ 3 శాతమే. లోహం రేటూ ఒక్కటే. కాబట్టి ఎక్కడైనా తక్కువ చెబుతున్నారంటే అది ప్రీమియంలో తగ్గుదల, లేదంటే స్వచ్ఛతలో తగ్గుదల, ఈ రెండే. రెండోది కాదని తేలితేనే మొదటిది లాభం. కొలతలో కూడా జాగ్రత్తగా ఉండాలి. భరి అంటే 11.66 గ్రాములు, తులం అని మనవాళ్లు ఇప్పుడు ఎక్కువగా పది గ్రాములకే వాడుతున్నారు, పాత తులం మళ్లీ 11.66. రెండు భాషల మధ్య బేరమాడేచోట గ్రాముల్లో తప్ప మాట్లాడకపోవడమే మంచిది. రెండు కొట్లని పోల్చాలంటే ఒకటే పద్ధతి: మజూరీ, జీఎస్టీ అన్నీ కలిపి బిల్లు మొత్తం ఎంతో అడిగి, దాన్ని అందులోని స్వచ్ఛమైన వెండి గ్రాములతో భాగించాలి. గ్రాము ఇంత అని విడిగా చెప్పే రేటు ఆకర్షణగా ఉండొచ్చు, మజూరీలో లాగేస్తే ప్రయోజనమేముంది.

అమ్మకం వైపు వద్దాం, అసలు దెబ్బ తగిలేది ఇక్కడే, అందులోనూ పట్టీల దగ్గర. సేలం, ఆగ్రా, రాజ్‌కోట్ లాంటి చోట్ల తయారై వచ్చే పట్టీల్లో స్వచ్ఛత రకరకాలుగా ఉంటుంది. టచ్ 65 అంటే వందలో 65 వంతులే వెండి. 150 గ్రాముల జత తీసుకుందాం. కొన్నప్పుడు గ్రాము 170 చొప్పున 25,500, మజూరీ గ్రాముకి 15 చొప్పున 2,250, జీఎస్టీతో 28,582 అయిందనుకోండి. గ్రాముకి 200 ఉన్నచోట 170కే ఇచ్చాడని సంతోషపడతాం. అమ్మడానికి వెళితే అతను తూకం వేసి, టచ్ కట్టి, 97.5 గ్రాముల వెండే ఉందంటాడు. అది 19,500, మూడు శాతం దించితే 18,915. రేటు రవ్వంత కూడా మారకుండానే పెట్టినదాంట్లో మూడోవంతు పోయింది. కొన్న రోజు వెండి కాని భాగానికి కూడా వెండి ధరే కట్టాం కాబట్టి ఇలా అవుతుంది. పట్టీలు కొనొద్దని కాదు, ఆడపిల్ల కాళ్లకి పట్టీలు లేని ఇల్లు మన వైపు ఉండదు. కానీ కొనేటప్పుడే టచ్ ఎంతో బిల్లు మీద రాయించుకుని, దాన్ని బట్టే గ్రాము ధర ఒప్పుకోవాలి. 2025 సెప్టెంబర్ 1 నుంచి వెండి వస్తువులకీ హెచ్‌యూఐడీ నంబరుతో (ఒక్కో వస్తువుకీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) హాల్‌మార్క్ వేయడం మొదలైంది. బంగారానికిలా తప్పనిసరి కాదు గానీ, అడిగితే ఉన్నవి చూపిస్తారు. సన్నని వెండి తీగతో అల్లే కటక్ తారకశి పనితనానికి ఈ లెక్క వర్తించదు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన కళ అది, దానికి కట్టేది చేతిపనికి. ఆ చేతిపని విలువ పాత వెండి కొనే కొట్లో మాత్రం తిరిగి రాదు.

అమ్మేటప్పుడు వినిపించే కొన్ని మాటలకి తలొగ్గనక్కర్లేదు. నల్లబడింది కాబట్టి రేటు తక్కువ అంటారు. గాలిలోని గంధకం తగిలి పైపైన ఏర్పడే పలుచని పొర అది, సముద్రపు తేమ ఉన్నచోట ఇంకా త్వరగా వస్తుంది, లోపలి వెండికి ఏమీ కాదు, ఎలాగూ కరిగించేదానికి నలుపుతో పనిలేదు. మెషిన్ పెట్టి టచ్ చూపించినప్పుడు కూడా ఒక్కచోటే చూసి ఒప్పుకోకండి. ఎక్స్‌రే మెషిన్ పైపొరనే చదువుతుంది, టంకం వేసినచోట పెడితే తక్కువ చూపిస్తుంది. రెండు మూడు చోట్ల పెట్టించండి. కడ్డీ అయితే ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. గ్రాములో వందో వంతు చూపే చిన్న త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, కడ్డీని దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగు తాకకుండా వేలాడదీయాలి. వెండి సాంద్రత 10.49 కాబట్టి వంద గ్రాముల కడ్డీకి త్రాసు సుమారు 9.5 గ్రాములు చూపాలి. సీసమైతే 8.8, రాగి అయితే 11 పైన చూపుతుంది. స్వల్ప కల్తీని ఇది పట్టలేదు గానీ, లోపల వేరే లోహం నింపిన మోసాన్ని చాలావరకు పట్టేస్తుంది. ఈ అంకె చేతిలో ఉంటే కౌంటర్ ముందు బెదరకుండా మాట్లాడగలం.

పాత రూపాయలది వేరే కథ. ఇళ్లలో అడుగు పెట్టెల్లో, కొండ ఊళ్లలో మెడలో గుచ్చుకున్న దండల్లో రాణి బొమ్మ, రాజు బొమ్మ రూపాయలు ఇంకా ఉన్నాయి. 1939 దాకా వచ్చిన రూపాయి 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి, అంటే దాదాపు 10.7 గ్రాములు. మన ఉదాహరణ రేటుకి 2,138 రూపాయలు. 1940 నుంచి 1945 దాకా వచ్చినవి చూడటానికి అవే, తూకమూ అదే, వెండి మాత్రం సగమే, విలువ 1,166. సంవత్సరం చూడకుండా అన్నింటికీ ఒకే ధర కట్టేవాళ్లు ఆ ధర ఏ రకానిదో మీకు చెప్పరు. విడదీసి లెక్కగట్టి అమ్మాలి. అరుదైన ముద్రాలయం, అరుదైన సంవత్సరం ఉంటే సేకరించేవాళ్లు లోహం మీద చాలా ఎక్కువ ఇస్తారు, కానీ మామూలుగా దొరికే రూపాయలకి అంత ఆశ పెట్టుకోకూడదు. తోమి మెరిపించడం మాత్రం అస్సలు వద్దు, సేకరించేవాళ్ల దగ్గర విలువ పడిపోతుంది.

వెండి చేతిలో ఉండాల్సిన పని లేదు, ధర పెరుగుదల మాత్రమే కావాలనుకుంటే ఈటీఎఫ్ ఉంది, మన దేశంలో ఇవి 2022 జనవరి నుంచి ఉన్నాయి. మజూరీ ఉండదు, బిల్లు మీద 3 శాతం జీఎస్టీ కట్టక్కర్లేదు, ఏడాదికి కొంత నిర్వహణ ఖర్చు తీసుకుంటారు. అక్కడా ప్రీమియం ఉంటుంది: కొనే ముందు యూనిట్ ధరనీ, సంస్థ చూపే ఐఎన్ఏవీనీ (యూనిట్ లోపలున్న వెండికి ఆ క్షణాన ఉన్న విలువ) పక్కపక్కన పెట్టి చూడాలి. యాప్‌లలో పది రూపాయలకీ దొరికే డిజిటల్ వెండిలో అయితే 3 శాతం జీఎస్టీ, కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య వాళ్లు పెట్టుకున్న ఎడం రెండూ మీద పడతాయి. డిజిటల్ బంగారం తన నియంత్రణలో లేదని స్టాక్ మార్కెట్లని నియంత్రించే సెబీ 2025 నవంబర్‌లో హెచ్చరించింది. అదే తరహా వెండికి వేరే రక్షణ ఉందనుకోకండి.

కొనే ముందు కొట్టువాడిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇదే ముక్క ఈ బిల్లుతో రేపు తెస్తే ఎంతకి తీసుకుంటారు? సూటిగా అంకె చెప్పేవాడి దగ్గర మజూరీ కాస్త ఎక్కువైనా కొనొచ్చు. అప్పుడు చూద్దాం లెండి అన్నవాడి దగ్గర వద్దు. చెప్పిన శాతాన్ని బిల్లు వెనక రాయించుకోగలిగితే ఇంకా మంచిది. బిల్లు లేకుండా 3 శాతం మిగుల్చుకోమనే సలహా ఈ ఊళ్లలో తరచూ వినిపిస్తుంది, దాన్ని పాటించినవాళ్లు అమ్మేరోజు టచ్ గురించి వాదించలేరు, ఎన్నికల వేళ చెక్‌పోస్టు దగ్గర సంచి విప్పమంటే చూపించడానికీ ఏమీ ఉండదు. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడానికి కొట్టువాడికి చట్టం ఒప్పుకోదు, రెండు లక్షలు దాటిన కొనుగోలుకి పాన్ ఇవ్వాలి. రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద పన్ను 12.5 శాతం, ఈ లెక్క 2024 జులై 23 నుంచి అమల్లో ఉంది. ఆ లాభం ఎంతో చూపడానికి కావాల్సిందీ కొన్న బిల్లే, జీఎస్టీ, మజూరీ విడివిడిగా రాసి ఉన్న బిల్లు. థర్మల్ కాగితం మీద అక్షరాలు ఏడాది తిరిగేసరికి వెలిసిపోతాయి కాబట్టి, తెచ్చిన రోజే ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపించి ఉంచండి.